ఎడమ చెవికి ఎర్ర దారం

హలో, హలో... వినపడుతోందా అందరికీ? వినపడేదేముందిలే, మీరు చదివేదే కదా. కానీ నాకు అలవాటైపోయింది. ఏ పని మొదలెట్టినా ముందు చప్పుడు సరిగ్గా అందుతోందో లేదో చూసుకుంటాను. ఎందుకంటే నా బతుకే చప్పుళ్ళు చెయ్యడం. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి, ఫోన్లో ఒక్క వేలితో కొడుతున్నాను. తప్పులుంటే మీరే దిద్దుకుని చదూకోండి. కింద కామెంట్లో పెట్టి నా పరువు తియ్యకండి.

ముందు నా పనేంటో చెప్పాలి. మీరు టీవీలో సీరియల్ చూస్తారు కదా. అందులో అత్తగారు వరండాలో నడిచొస్తుంటే టకటకా చెప్పుల చప్పుడొస్తుంది. ఆ చప్పుడు అత్తగారిది కాదు, నాది. షూటింగప్పుడు మాటలు మాత్రమే పట్టుకుంటారు. మిగతా చప్పుళ్ళన్నీ తర్వాత ఒక గదిలో మేం చేసి కలుపుతాం. ఆ గదిలో నేలంతా గళ్ళు గళ్ళుగా ఉంటుంది. ఒక గడిలో కంకర, ఒక గడిలో ఇసక, ఒకటి చెక్క, ఒకటి గచ్చు, మూలన ఇనప రేకు. ఎదురుగా తెర. తెర మీద మనిషి ఎలా నడిస్తే నేనూ అలా నడవాలి. పాతికేళ్ళుగా కోడళ్ళ కాళ్ళూ, విలన్ల కాళ్ళూ, పోలీసుల కాళ్ళూ అన్నీ నావే. మా ఆవిడైతే అంటుంది, "లోకంలో అందరి నడకా నడుస్తారు, కూరగాయలకి మాత్రం నడవరు" అని.

సరే. ఇది మొన్న వెళ్ళిపోయిన ఎండాకాలం సంగతి.

ఆ ఎండలు మొదలయ్యేటప్పుడు మా అక్క మా ఇంటికొచ్చేసింది. నాకంటే ఐదేళ్ళు పెద్ద. ముప్ఫై ఏళ్ళు టైపు నేర్పింది. ముందు మిషన్ల మీద, తర్వాత కంప్యూటర్ల మీద. ఎంత గట్టి మనిషంటే, పిల్లలకి వీపు పెట్టి కూర్చుని కూడా మూడో మిషన్ మీదవాడు ఏ అక్షరం తప్పు కొట్టాడో చెప్పేది. చప్పుడు తేడా వస్తుందట. మా ఇంట్లో చెవులు వంశపారంపర్యం అన్నమాట.

"కాస్త మసగ్గా ఉంటోంది రా, ఒక్కదాన్నే ఉండలేకపోతున్నాను" అంది. కాస్త మసకే కదా అనుకున్నాను. ఒక సంచీ బట్టలు, ఒక మందుల డబ్బా, ఒక కంప్యూటరు, దానికో పెద్ద హెడ్‌ఫోను తెచ్చుకుంది. పక్క గది ఇచ్చాం.

రెండో రోజు పొద్దున పదింటికి గదిలో కూర్చుని హెడ్‌ఫోను తగిలించుకుంది.

"ఏం చేస్తున్నావక్కా?"

"ఆడుకుంటున్నాను రా."

"ఏం ఆట?"

"తుపాకులాట."

నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నిజంగానే తుపాకులాట. ఐదుగురు ఒక జట్టు, అవతల ఐదుగురు ఇంకో జట్టు. ఎవరిళ్ళల్లో వాళ్ళు కూర్చుని నెట్‌లో ఆడతారు. అక్క దగ్గర ఒకప్పుడు టైపు నేర్చుకున్న నర్సమ్మ ఒకావిడ వీళ్ళ కెప్టెను. ఇంకొకాయన లారీ మెకానిక్కు. ఒక లెక్కల మాస్టారు, ఆయన భార్య. అందరూ అక్కని మేడమ్ అనే పిలుస్తారట.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి తుపాకులాట ఆడటమేంటని మీకనిపిస్తోందా? నాకూ అనిపించింది. అనిపించడానికి కారణం కూడా నేనే. అది చెప్తాను.

అప్పుడే మేం చేస్తున్న సీరియల్లో కథ మందగించిందని చిన్నకొడుకుని గేమ్ పిచ్చోణ్ణి చేశారు. టీవీలో గేమ్ పిచ్చోడంటే ఎలా ఉంటాడో మీకు తెలుసుగా. తల దువ్వుకోడు. కిటికీలు మూసేస్తాడు. మొహమ్మీద నీలం లైటు. చుట్టూ చిప్స్ ప్యాకెట్లు. ఆ చిప్స్ నమిలింది నేనేనండీ, రోజుకి మూడు ప్యాకెట్లు, మైకు ముందు. వారం రోజులు నోరంతా పూసిపోయింది. వాడి చేతిలో ఉన్న గేమ్ రిమోట్‌కి వైరు ఉంటుంది, ఆ వైరు ఎక్కడికీ పోదు, సోఫా కిందకి పోతుంది. తెర మీద కారు పరిగెడుతుంటే వీడేమో "కాల్చెయ్, కాల్చెయ్" అని అరుస్తాడు. వీటన్నిటి మీదా ఒక చప్పుడు: టుయ్ టుయ్ టుయ్.

ఆ టుయ్ టుయ్ కూడా నాదే. ఇరవై రెండేళ్ళ కిందట చిన్నపిల్లలాడుకునే బ్యాటరీ బొమ్మ నుంచి పట్టాను. ఆ బొమ్మ ఎప్పుడో చచ్చిపోయింది. చప్పుడు మాత్రం బతికే ఉంది. ఏ సీరియల్లో ఎవడు గేమ్ ఆడినా ఇదే చప్పుడు.

మా స్టూడియోలో రికార్డింగ్ చూసే ఇంజనీరమ్మాయి ఒకతి ఉంది. ఒకరోజు అడిగింది, "అంకుల్, కారు పోతుంటే టుయ్ టుయ్ ఏంటి?"

"గేమ్ అని తెలియాలి కదమ్మా."

"ఇప్పుడు ఏ గేమూ ఇలా అరవదు అంకుల్."

"నీకెలా తెలుసు?"

"నేను ఆడతాను కాబట్టి."

ఆ అమ్మాయి జడలో ఒక్క వెంట్రుక చెదరదు. తిన్న డబ్బా అక్కడే కడిగి బోర్లించి పెడుతుంది. నేను నమ్మలేదు. నువ్వు గేమ్ ఆడితే నేను సర్కస్‌లో పులిని అనుకున్నాను మనసులో.

అదిగో, అలాంటి బుర్రతో ఇంటికెళ్ళాను ఒక సాయంత్రం. మా ఆవిడ గుమ్మంలోనే పట్టుకుంది. గొంతు తగ్గించి, "ఏవండీ, మీ అక్కకి బాగానే ఉందంటారా?" అంది.

"ఏమైంది?"

"తనలో తను మాట్లాడుకుంటోందండీ. 'వస్తున్నాడు, వస్తున్నాడు, ఎడం పక్క నుంచి మెట్లెక్కుతున్నాడు' అంటోంది. మనింటికి మెట్లెక్కడున్నాయండీ?"

"ఆటలో వాళ్ళతో అంటోందేమోలే."

"'ఇనప మెట్లు' అంది కూడా. 'ఇద్దరున్నారు, ఒకడు బరువైనవాడు' అంది. నేను పెరటి తలుపు గడియ పెట్టొచ్చాను."

"నువ్వెందుకు పెట్టావు?"

"బరువైనవాడు అంటే భయమెయ్యదా!" అని, ఇంకా దగ్గరికొచ్చింది. "నిన్న మీ సీరియల్లో ఆ అబ్బాయి కూడా అచ్చం ఇదే కదండీ అన్నాడు. 'వస్తున్నారు, నా కోసం వస్తున్నారు' అని. కళ్ళు కూడా అలాగే. కంప్యూటర్ కేసి తిన్నగా చూడదు. గోడ కేసి చూస్తూ నవ్వుకుంటుంది. నాతో మాట్లాడినా అంతే, నా మొహం కేసి చూడదు. కిటికీ కేసి చూస్తుంది. అయినా ఆ కళ్ళతో రోజంతా ఆ తెర ముందు కూర్చుంటే ఉన్న చూపు కూడా పోదూ? మీరు చెప్పరు, నేను చెప్తే ఆడపడుచుని ఆడిపోసుకున్నానంటారు."

వెళ్ళి తలుపు సందులోంచి చూశాను. నిజమే. మెడ ఒక పక్కకి వంచి, తెర వదిలేసి పక్కన ఖాళీ గోడ కేసి చూస్తోంది. పెదాలు మాత్రం కదులుతున్నాయి. "ఆగాడు... ఆగాడు... వింటున్నాడు మనల్ని..."

సీరియల్లో ఆ అబ్బాయికి డైరెక్టరు గారు చెప్పింది షూటింగ్ టేపులో నా చెవులతో విన్నాను. "బాబూ, నువ్వు పిచ్చెక్కినట్టు కనపడాలంటే దేనికేసీ తిన్నగా చూడకు, పక్కకి చూడు" అని. ఆ చూపు సరిగ్గా అదే. నేను చప్పుడు కలిపిన బొమ్మ తెరలోంచి దిగొచ్చి మా పక్క గదిలో కూర్చున్నట్టుంది.

అక్కతో మాట్లాడి ఉండాల్సింది. మాట్లాడలేదు. మా అక్కతో ఎదురు మాట్లాడే ధైర్యం చిన్నప్పట్నుంచీ లేదు నాకు. దొడ్డిదారి పట్టాను.

బుధవారం పొద్దున్నే, "అక్కా, మా స్టూడియోలో హెడ్‌ఫోను పాడైంది. ఓ నాలుగు రోజులు నీది ఇస్తావా?" అన్నాను.

అబద్ధం. మా స్టూడియోలో హెడ్‌ఫోన్లు కూరగాయల్లా వేలాడుతుంటాయి. హెడ్‌ఫోను లేకపోతే ఆట మీద మోజు అదే తగ్గుతుందని నా తెలివి.

అక్క చెయ్యి వెంటనే మెడ దగ్గరికెళ్ళింది. హెడ్‌ఫోను అక్కడే వేలాడుతోంది.

"నాలుగు రోజులా?"

"కొత్తది వచ్చేదాకా. నువ్వు మామూలు స్పీకర్లో పెట్టుకుని ఆడుకో."

"స్పీకర్లో కుదరదు రా."

"ఎందుకు కుదరదు?"

అక్క వైరు చుట్ట చుట్టింది. ఇచ్చేముందు బొటనవేలితో ఒక పక్క ఒక్కసారి తడిమింది.

"ఆదివారం పదింటికి మాకు ఫైనలు. ఎండాకాలం అంతా ఆడి అక్కడిదాకా వచ్చాం. దానికి అందుతుందా?"

"చూద్దాంలే."

"చూద్దాం అనకు. అందుతుందా అందదా?"

"అందుతుందిలే అక్కా."

రెండో అబద్ధం.

ఆ మూడు రోజులు అక్క కంప్యూటర్ పెట్టలేదు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. హాల్లో కూర్చుని మా ఆవిడకి వెల్లుల్లి వొలిచి పెట్టింది. నర్సమ్మ ఫోన్ చేస్తే, "తమ్ముడికి పనుందమ్మా, ఇచ్చాను. నేను లేకపోయినా మీరు ఆడండి" అంది. అవతల నుంచి ఏదో గట్టిగా అంటున్నారు. "అలా కాదమ్మా, వేరే ఎవరినైనా చూసుకోండి ఆదివారానికి" అంది. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. పేపరు తలకిందులుగా ఉందని మా ఆవిడ తర్వాత చెప్పింది.

గురువారం సాయంత్రం ఏడింటికి మా ఆవిడ సీరియల్ పెట్టింది. అక్క కూడా వింటూ కూర్చుంది. తెర మీద చిన్నకొడుకు ఊగిపోతున్నాడు, టుయ్ టుయ్ టుయ్.

"ఏంట్రా ఆ చప్పుడు?" అంది అక్క.

"గేమ్ చప్పుడు."

"ఏ గేమ్?"

నేను అక్క ముందున్న వెల్లుల్లి పాయ ఒకటి చేతిలోకి తీసుకున్నాను.

కాసేపు విని మళ్ళీ అంది, "ఈ అబ్బాయికి జట్టులో ఎవరూ లేరా? ఇంతసేపు ఆడుతున్నాడు, ఒక్కరితో ఒక్క మాట మాట్లాడడేం? పాపం."

మా ఆవిడ నా కేసి చూసింది. నేను వెల్లుల్లి కేసి చూశాను.

శుక్రవారం స్టూడియోలో ఆ కథ ఆఖరి ముక్క వచ్చింది. సోమవారం టీవీలో వస్తుంది అది. ఆట ఆపమందని వాడు తల్లి మీద కక్ష కడతాడు. కత్తి పట్టుకుని, తల్లి పడుకున్న గదిలోకి ఒట్టి కాళ్ళతో నడిచి వెళ్తాడు. సరిగ్గా మంచం దగ్గరికెళ్ళేసరికి తండ్రి వచ్చి పట్టుకుంటాడు. ఆ నడక నేను నడవాలి. గచ్చు మీద, పదకొండు అడుగులు.

రికార్డింగప్పుడు ఫ్యాను కట్టేస్తారు, దాని చప్పుడు పడుతుందని. ఎండలో రేకుల కింద కూర్చున్నట్టుంది. చెమటలు కారుతున్నాయి. అబద్ధం నిజం చెయ్యడానికి అక్క హెడ్‌ఫోను రోజూ తెస్తూనే ఉన్నాను కదా, అదే తగిలించుకున్నాను.

"అంకుల్, తిరగేసి పెట్టుకున్నారు" అంది ఇంజనీరమ్మాయి. "కుడి చప్పుడు ఎడమకి పోతుంది మీకు."

తీసి చూశాను. ఎడమ కప్పు మీద బొటనవేలంత పెద్ద తెల్లక్షరం రాసుంది, ఇది ఎడమ అని. దాని పక్కనే, కప్పుని పట్టుకునే పుల్ల మీద ఎర్ర దారం బిగుతుగా చుట్టి, పైన ముడి వేసుంది. బట్టలు కుట్టుకునే దారం.

"అంత పెద్ద అక్షరం ఉంటే మళ్ళీ దారమెందుకు అంకుల్?" అందా అమ్మాయి.

ముడి మీద బొటనవేలు పెట్టాను. సరిగ్గా వేలికి తగిలేచోట ఉంది. బుధవారం అక్క తడిమింది ఇక్కడే.

ఎవరికి కావాలి దారం? ఆ అక్షరం కనపడనివాళ్ళకి కావాలి.

ఎడం పక్క నుంచి వస్తున్నాడు. ఇనప మెట్లు. ఇద్దరున్నారు, ఒకడు బరువైనవాడు. ఆగాడు. ఇవి పిచ్చి మాటలేంటండీ? ఇవి మా గదిలో రోజూ నేను మాట్లాడే మాటలు. పాతికేళ్ళుగా నా పని మాటలు అవే. మా ఆవిడకి తెలియలేదంటే అర్థం ఉంది. నాకు తెలియాల్సింది.

"టేక్ వెళ్దామా అంకుల్?"

"ఇప్పుడొద్దమ్మా. కాళ్ళు చెమట పట్టాయి, జారుతున్నాయి. రేపు చేస్తాను."

మధ్యాహ్నానికే ఇంటికెళ్ళిపోయాను. అక్క మంచం మీద కూర్చునుంది. హెడ్‌ఫోను ఒళ్ళో పెట్టాను. తడిమింది, దారం దొరికింది, మొహంలో వెలుగొచ్చింది.

"కొత్తది వచ్చేసిందా అప్పుడే?"

"పాతది పాడవలేదక్కా. అబద్ధం చెప్పాను."

"తెలుసులే."

"తెలుసా?"

"నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు కుడికాలి బొటనవేలు నేలకేసి కొడతావు. రెండో తరగతి నుంచీ ఉంది నీకు. ఆ రోజు రెండుసార్లు కొట్టావు."

మంచం పక్కన కింద కూర్చున్నాను. "కాస్త మసక అన్నావు కదక్కా" అన్నాను.

"మధ్యలోదంతా పోయింది రా. పక్కలు మాత్రం కనపడతాయి. దేన్నైనా చూడాలంటే దాని పక్కకి చూడాలి. ఇప్పుడు నీ మొహం కనపడాలంటే ఆ బీరువా కేసి చూడాలి నేను."

"మరి తుపాకులాట ఎలా ఆడతావు?"

"నేనెవర్నీ కాల్చను. కాల్చాలంటే మధ్యలో కనపడాలి కదా. నేను కావలి. ఓ మూల నక్కి కూర్చుని వింటాను. ఎవడు ఎటు నుంచి ఎంత దూరంలో వస్తున్నాడో మావాళ్ళకి చెప్తాను. కాల్చేది నర్సమ్మ." నవ్వింది. "బయటికెళ్తే రోడ్డు దాటడానికి ఒకళ్ళు చెయ్యి పట్టుకోవాలి రా నాకు. అక్కడ మాత్రం నలుగురు నన్ను పట్టుకుని నడుస్తారు. స్పీకర్లో పెట్టుకోమంటావు. స్పీకర్లో ఎడమా కుడీ ఉంటాయా? చప్పుళ్ళ మనిషివి, నువ్వే అడుగుతావేంట్రా?"

గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది. ఎప్పట్నుంచి వింటోందో. చేతిలో చెంబు అలాగే ఉంది.

"వదినా, మరి కంప్యూటర్ చూసి చూసే కళ్ళు పోయాయా?" అంది మెల్లగా.

"లేదమ్మాయ్. డాక్టరమ్మ కూడా దీనికీ దానికీ లంకె లేదంది. మా అమ్మకీ చివర్లో ఇంతేగా. ఆవిడ ఏ గేమ్ ఆడింది పాపం?"

మా ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. "అందుకా మీరు నాతో మాట్లాడుతూ కిటికీ కేసి చూసేది? నేనంటే గిట్టదేమో అనుకున్నానండీ ఇన్నాళ్ళూ."

"పిచ్చిదానా, నీ మొహం చూడ్డానికే కిటికీ కేసి చూసేది" అంది అక్క, కిటికీ కేసి చూస్తూ.

మా ఆవిడ చెంబు కింద పెట్టి లోపలికెళ్ళిపోయింది. పెరటి తలుపు గడియ తీసిన చప్పుడు వినిపించింది.

అప్పుడు అక్క నా తలకి హెడ్‌ఫోను తగిలించింది. "విను."

విన్నాను. వాన పడుతోంది. రేకు మీద పడే వాన వేరు, ఆకు మీద పడే వాన వేరు, రెండూ ఉన్నాయి. వెనకాల ఎక్కడో తలుపు కిర్రుమంది. కుడి పక్క, పది గజాల దూరంలో, తడి మట్టిలో ఒకడు నడుస్తున్నాడు. మడమ ముందు పడుతోంది, తర్వాత వేళ్ళు. మట్టి బూటుని కొంచెం పట్టుకుని వదులుతోంది. టుయ్ లేదు, గియ్ లేదు.

"అక్కా, ఎవరో నడిచారు ఇది" అన్నాను. "మిషన్ చేసింది కాదు. ఎక్కడో ఏదో గదిలో, నాలాంటివాడొకడు, మట్టి పళ్ళెంలో నిలబడి నడిచాడు. బూటు కూడా పాతది, కుడి మడమ అరిగింది."

"కుడి మడమ సంగతి నాకు తెలియలేదే" అంది అక్క. ఆ మాటలో కాస్త అసూయ కూడా ఉంది.

శనివారం డైరెక్టరు గారి దగ్గరికెళ్ళాను. నాకంటే పదిహేనేళ్ళు చిన్నాయన, కానీ సార్ అనే అంటాను. "సార్, ఆ టుయ్ టుయ్ తీసేద్దాం. గేములు అలా అరవట్లేదు ఇప్పుడు."

"మాస్టారూ, అది లేకపోతే జనం వాడు ఆఫీసు పని చేసుకుంటున్నాడనుకుంటారు."

"అనుకుంటే అనుకోనివ్వండి సార్. మా ఇంట్లో ఆడేవాళ్ళున్నారు. అలా ఊగరు. జట్టుగా మాట్లాడుకుంటూ ఆడతారు. మా అక్క ఆడుతుంది."

ఆయన కాగితాల్లోంచి తలెత్తాడు. "అక్కా? మీకే యాభై దాటాయి కదా మాస్టారూ."

"ఆవిడకి యాభై ఎనిమిది సార్."

పక్కనున్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఆయన కూడా నవ్వి, "బావుంది మాస్టారూ, ఇంకో సీరియల్‌కి వాడదాం. ఇది సోమవారం వెళ్ళాలి, కథ మార్చలేం. టుయ్ ఉండనివ్వండి. మీరు ఆ నడక ఒక్కటీ చేసేయండి" అన్నాడు. చెడ్డమనిషి కాదు. ఆయన తొందర ఆయనది.

కథ మార్చడానికి నేనెవర్ని? మాట నాది కాదు, మొహం నాది కాదు, కత్తి నాది కాదు. పదకొండు అడుగులు మాత్రం నావి.

చెప్పులు విప్పి గచ్చు గడిలోకి దిగాను. ఫ్యాను ఆగింది. తెర మీద వాడు నడవడం మొదలెట్టాడు. నేనూ నడిచాను. ఇంజనీరమ్మాయి మైకు అవతల నుంచి నా కాళ్ళ కేసి చూసి ఏదో అనబోయింది. అనలేదు. అయిపోయాక, "ఒక్క టేకే. సరిపోయింది అంకుల్" అంది. డైరెక్టరు గారు అప్పటికి ఫోన్లో ఉన్నాడు, బొటనవేలు ఎత్తి చూపించాడు.

ఆదివారం పదింటికి ఫైనలు. స్టూడియో నుంచి ఒక పిన్ను తెచ్చాను, ఒకే చోట రెండు హెడ్‌ఫోన్లు పెట్టుకునేది. అక్క పక్కన కుర్చీ వేసుకున్నాను. మా ఆవిడ మూడోది లేదని అలిగి, మధ్య మధ్య అక్క చెవి దగ్గర చెవి పెట్టి వింది. నర్సమ్మ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిందట, ఆవులింతలు వినపడుతున్నాయి. మెకానిక్ గారింట్లో కుక్కర్ విజిలేస్తోంది. లెక్కల మాస్టారు భార్యని "నువ్వు ముందుండు" అంటే ఆవిడ "ఎప్పుడూ నేనే ముందా?" అంటోంది. ఇదండీ గేమర్ల గుంపు. మా సీరియల్లో కుటుంబం కంటే వీళ్ళే నయం.

ఆట ఎవరు గెలిచారో కూడా చెప్పేస్తాను. ఓడిపోయాం. రెండో స్థానం. కానీ మధ్యలో ఒక ముక్కుంది.

అక్క అంటోంది, "వంతెన మీద చెక్క. ఒకడు. మెల్లగా వస్తున్నాడు."

నేను విన్నాను. ఒకడే. కానీ ప్రతి అడుగు వెనకా సన్నటి తోక ఉంది. నేనూ ఇంకో అబ్బాయీ కలిసి ఒకే మనిషి నడక నడిచి చూశాం ఒకప్పుడు, పెద్ద సినిమా కోసం, ఏనుగంత విలనుకి. ఆ తోక నాకు తెలుసు.

"అక్కా, ఒకడు కాదు. ఇద్దరు. అడుగులో అడుగేస్తున్నారు."

అక్క మెడ ఇంకాస్త వంచింది. "ఇద్దరు! నర్సమ్మా, వెనకాల రెండోవాడున్నాడు!"

ఢాం ఢాం. అటువైపు కేరింతలు. మా ఆవిడ ఏమీ వినపడకపోయినా చప్పట్లు కొట్టింది.

"మేడమ్, ఎలా పట్టారు మేడమ్? పక్కన ఎవరో ఉన్నారు కదా?" అని నర్సమ్మ.

"మా తమ్ముడమ్మా. నడకల మనిషి" అంది అక్క.

పాతికేళ్ళలో సీరియల్ చివర పేర్లలో నా పేరు ఎప్పుడూ రాలేదు. ఆ రోజు అక్క నోటి నుంచి వచ్చింది చాలనిపించింది.

సోమవారం సాయంత్రం ఏడింటికి ముగ్గురం టీవీ ముందు కూర్చున్నాం. నేను ఏమీ చెప్పలేదు వాళ్ళకి. వాడు కత్తి తీశాడు. మ్యూజిక్ దడదడలాడుతోంది. నడవడం మొదలెట్టాడు. దగ్గర మొహం చూపిస్తున్నారు, పళ్ళు కొరుకుతున్నాడు. మ్యూజిక్ ఆగింది. అడుగులు మాత్రమే.

మా ఆవిడ తెర కేసి చూస్తూ, తల ఒక పక్కకి వంచింది. "ఇదేంటండీ, వీడు చంపడానికి వెళ్తున్నట్టు లేదు. అమ్మ లేస్తుందేమో అని మెల్లగా దుప్పటి కప్పడానికి వెళ్తున్నట్టుంది."

నేను కాళ్ళు కుర్చీ కిందకి లాక్కున్నాను.

అక్క టీవీ పక్కన గోడ కేసి చూస్తోంది. ఆఖరి అడుగు దాకా విని, చెయ్యి చాపి నా మోకాలు వెతికి పట్టుకుంది.

"అమ్మకి జ్వరమొచ్చినప్పుడు నువ్విలాగే నడిచేవాడివి రా" అంది.

అంతేనండీ. తర్వాత వానలొచ్చాయి. అక్క మా ఇంట్లోనే ఉంది. ఆదివారం పదింటికి వాళ్ళ ఆట మామూలే. టుయ్ టుయ్ కూడా ఇంకా బతికే ఉంది టీవీలో, మొన్న ఇంకో సీరియల్ వాళ్ళు అడిగారు. పాడైపోయిందని చెప్పాను. చెప్పేటప్పుడు బొటనవేలు నేలకేసి కొట్టుకుందనుకోండి, కానీ అక్క అక్కడ లేదు.

మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు చెవులకి తగిలించుకుని, ఎటో చూస్తూ, వస్తున్నాడు వస్తున్నాడు అంటూ ఉండొచ్చు. వైరు పీకేముందు ఒక్కసారి పక్కన కుర్చీ వేసుకుని, ఏం వింటున్నావు అని అడగండి. నాకు ఆ ఒక్క మాట అడగడానికి మూడు రోజులు పట్టింది. అలాంటి ఇల్లు మీకు తెలిస్తే ఈ కథ అక్కడికి పంపండి. చదవలేనివాళ్ళు ఎవరైనా ఉంటే మీరే పైకి చదివి వినిపించండి. కాస్త మెల్లగా, అడుగు అడుగు వినపడేట్టు.